ఉప్పు చల్లిన ఐసు

తాడేపల్లిగూడెం,
20 జనవరి 2025.

స్టెల్లాకు,

మీ వదిన విజయకుమారి రాసేది. వందనాలు.

నువ్వు పది రోజులుగా ఫోను చేస్తున్నావు, నేను ఎత్తడం లేదు. కోపమనుకోకు. ఎత్తగానే అవతలివాళ్లు "ఎలా ఉన్నావు" అంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఉత్తరమైతే మధ్యలో ఆపి కళ్లు తుడుచుకుని మళ్లీ రాసుకోవచ్చు. ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకి లేఖలు రాయడం నేర్పుతున్నాను గానీ, సొంత తమ్ముడి భార్యకి ఒక్క ఉత్తరం రాసిన పాపాన పోలేదు. ఇన్నాళ్లకి మొదలుపెట్టాను.

ముందు పని సంగతి. మొన్న ఫ్రిజ్‌లో పాలగిన్నె ఒలికింది. పాలు మధ్య అద్దం మీదుగా పారి, దాని అంచుకున్న తెల్ల పట్టీలోకి దూరాయి. వంటింట్లోకి వెళ్తే ఒకటే కుళ్లు వాసన. ఆ అద్దం ఎంత లాగినా రాలేదు. మీ అన్నయ్యగారు కూడా లాగి చూసి, "ఉండనీయి" అని వెళ్లి వరండాలో కూర్చున్నారు. ఈ మధ్య ఆయన అన్నిటికీ అదే మాట. క్రిస్‌మస్ ముందు నువ్వొచ్చి ఇల్లు కడిగినప్పుడు ఆ అద్దాలు మూడూ అవలీలగా తీసేశావని హెప్సీ చెప్పింది. ఎలా తీశావో రాయి.

హెప్సీ పేరు రాశాక పెన్ను పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నా పిల్ల పోయి ఇవాళ్టికి ఇరవై అయిదు రోజులు. పదహారేళ్లు నిండి రెండు నెలలు.

నిన్ను ఒక్కటి అడగాలి స్టెల్లా. అద్దం సంగతి వంక మాత్రమే. ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు గారు నన్ను అడిగిన మొదటి మాట, "ఇన్సులిన్ మానేసిందామ్మా?" అని. "మానేసే ఉంటుందండీ" అన్నాను. ఎందుకన్నానో నీకు తెలుసు. పదమూడో ఏట అది పది రోజులపాటు మందు సింకులో పోసేసి, వేసుకున్నానని నాతో చెప్పింది. అందుకే క్రిస్‌మస్ ముందు సోమవారం షుగరు మీటరు నాలుగొందలు దాటగానే "మళ్లీ మొదలుపెట్టావా?" అని నిలదీశాను. "లేదమ్మా, వేసుకున్నాను" అంది. బైబిలు మీద చెయ్యి పెట్టింది. "దాని మీద కూడానా అబద్ధం!" అని ఆ చెయ్యి లాగేశాను. మర్నాటికి వాంతులు పట్టుకున్నాయి. ఆ తరవాత గురువారం అది పోయేదాకా మా ఇద్దరి మధ్య మాటలని చెప్పుకోదగ్గవేమీ లేవు.

అంతకు ముందు శనివారం, నువ్వొచ్చి ఇల్లు కడిగిన రోజు, నేను స్కూల్లో ఉన్నాను, నువ్వు మా ఇంట్లో ఉన్నావు. ఆ సాయంత్రం అది సూది వేసుకుందా? నీ కళ్లతో చూశావా? నా కూతురు నాతో అబద్ధం చెప్పి పోయిందా, లేదా? నాకు అదొక్కటే కావాలి.

నీ వదిన,
విజయకుమారి.


గుడివాకలంక,
27 జనవరి 2025.

వదినగారికి మీ మరదలు స్టెల్లా వందనాలు.

ఉత్తరం తెచ్చిన పోస్టుమేన్ అబ్బాయిరాజు గారు వీధిలోంచే కేకేశారండి, "అమ్మా, బ్యాంకు కాగితం కాదు, మనిషి రాసిన ఉత్తరం!" అని. మీ అక్షరాలు చూడగానే నాకు ఏడుపొచ్చేసింది. చెరువులో చేపలు తీసే పట్టుబడి రోజది, గట్టు మీద ఇరవైమంది ఉన్నారు. అందరిముందూ ఏడ్చాను.

వేసుకుందండి. నా రెండు కళ్లతో చూశాను. ఆరు దాటింది. మంచం మీద కూర్చుని పొట్ట మీద వేసుకుంది. "అత్తా, అటు తిరుగు, నువ్వు చూస్తుంటే నాకు నవ్వొస్తుంది" అంది కూడా. పిల్ల మీద అనుమానం పెట్టుకోకండి వదినగారూ. చిన్నప్పుడెప్పుడో చేసింది గానీ, ఇప్పుడు ఎంత బుద్ధిమంతురాలైందని!

అద్దం సంగతి. కింద కూరగాయల డబ్బా ముందు తీసేయండి. మీ ఫ్రిజ్ గోడని ఆనుకుని ఉంది, తలుపు పూర్తిగా తెరుచుకోదు. కొంచెం ఇవతలికి జరపండి. అద్దం వెనక అంచు కింద చెయ్యి పెట్టి పైకి ఎత్తితే గాడిలో చిన్న ఆపు తగులుతుంది. అది దాటాక ముందుకి లాగాలి. ఊరికే లాగితే అన్నయ్యగారే కాదు, ఎడ్లు లాగినా రాదు. తియ్యగానే వేణ్నీళ్లు మాత్రం పొయ్యకండి. చల్లటి అద్దం వేడి తగిలితే ఠప్పుమని పగులుతుంది. అరగంట గోడకి ఆనించి వదిలేస్తే చల్లదనం పోతుంది. తరవాత పట్టీ ఊడదీసి, సందుల్లో పాత బ్రష్షుతో వంటసోడా వేసి తోమండి. పూర్తిగా ఆరాకే పెట్టండి.

ఆ రోజు ఈ పనంతా నాతోపాటు హెప్సీయే చేసింది. అద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని "అత్తా, నేను మీ చెరువులో చేపని" అంది. రేపు కేరల్స్ పాడేవాళ్లు వస్తారు, కేకు ఫ్రిజ్‌లో పెట్టాలి, అద్దాలు తళతళలాడాలి అని నాకంటే అదే తొందరపడింది. ఫ్రిజ్ ఆపేశాం కదా, మందు పాడవుతుందేమోనని భయపడింది. "ఐసు వ్యాపారం ఇంటి కోడల్ని నేనుండగా నీకెందుకే భయం?" అని, మీ తమ్ముడు పంపిన కొరమీనుల పెట్టెలో, ఐసు మధ్యలో దాని మందు డబ్బా గుచ్చి పెట్టాను. సాయంత్రం దాకా చెక్కుచెదరలేదు. ఆ పిల్ల మందు విషయంలో అంత జాగ్రత్తగా ఉండేదని చెప్పడానికే ఇది రాశాను.

మీరు అన్నం తింటున్నారా? మీ తమ్ముడు ఏలీయా రోజూ అడుగుతున్నారు.

మీ
స్టెల్లా.


తాడేపల్లిగూడెం,
8 ఫిబ్రవరి 2025.

స్టెల్లాకు,

అద్దం వచ్చింది. నువ్వు చెప్పినట్టే ఎత్తి లాగాను. పట్టీ సందులో పాల చెక్కు కింద క్రిస్‌మస్ కేకు పొడి కూడా ఉంది. తోముతూ తోముతూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మీ అన్నయ్యగారు వచ్చి నా చేతిలో అద్దం తీసుకుని కడిగారు. పాతికేళ్ల కాపురంలో ఆయన వంటింట్లో ఏదైనా కడగడం అదే మొదలు.

నువ్వు చూశానన్నావు, నమ్ముతాను. కానీ అది శనివారం ఒక్క పూట. ఆదివారమో? సోమవారమో? పెద్దదయ్యాక తలుపేసుకుని వేసుకునేది, నేనూ వెళ్లేదాన్ని కాదు. మందు సీసా తీసి వెలుగులో పెట్టి చూశాను. తగ్గాల్సినంత తగ్గింది. సింకులో పోసినా అలాగే తగ్గుతుంది కదా! అప్పుడూ అలాగే తగ్గేది. డాక్టరు గారు అంత చదువుకున్నాయన, మందు మానకపోతే ఇలా అవదన్నట్టే మాట్లాడారు. అది పోయాక పెట్టిన ఆదరణ కూటానికి వచ్చినవాళ్లు కూడా అదే గుసగుస. "సరిగ్గా వేసుకుని ఉంటేనా..." అని నా వెనకాలే అన్నారు.

పాస్టరు గారు సమాధి రాయి మీద ఏ వాక్యం చెక్కించాలో చెప్పమంటున్నారు. ఈస్టరు నాటికి రాయి పడాలట. నాకు ఏ వాక్యమూ రావడం లేదు. సమాధి దగ్గరికి వెళ్లబుద్ధి కూడా కావడం లేదు. వెళ్తే "ఎందుకు చెప్పావే అబద్ధం, నాతో చెబితే నేనేం చేసేదాన్ని?" అని అరుస్తానేమోనని భయం. చచ్చిపోయిన పిల్ల మీద కోపం పెట్టుకున్న తల్లిని నువ్వెక్కడైనా చూశావా? నన్ను చూడు.

విజయకుమారి.


గుడివాకలంక,
3 మార్చి 2025.

వదినగారికి వందనాలు.

జవాబు ఆలస్యమైంది, క్షమించండి. ఒంట్లో బాగాలేదు.

మందు సీసాలు ఇంకా ఫ్రిజ్ డోరులోనే ఉన్నాయా? ఉంటే పారేయండి. మీరు ముట్టుకోవద్దంటే నేనొచ్చి తీసేస్తాను.

హెప్సీ అబద్ధం చెప్పలేదండి. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

స్టెల్లా.


తాడేపల్లిగూడెం,
10 మార్చి 2025.

స్టెల్లా,

నువ్వు ఏదో దాస్తున్నావు. చేప ధర దగ్గర్నుంచి ఎదురింటి పిల్లి ఈనడం దాకా చెప్పే మనిషివి, నాకు పావు పేజీ ఉత్తరం రాశావు. క్లాసులో తప్పు చేసిన పిల్ల జవాబు కూడా ఇలాగే చిన్నదవుతుంది. నాకు తెలియదా?

సీసాలు పారేయలేదు. ఎందుకు పారేయమన్నావో తెలిసేదాకా పారేయను.

వారం రోజులుగా నా బుర్ర పరిపరివిధాల పోతోంది. అబద్ధం చెప్పలేదని అంత గట్టిగా అంటున్నావంటే, అది నీతో ఏదో చెప్పి ఉండాలి. నా దగ్గర దాచేది, నీ దగ్గర వాగేది. "బతకాలని లేదత్తా" అందా? వేసుకోవడం మానేస్తున్నానని నీకు చెప్పి, అమ్మతో అనకని ఒట్టు వేయించుకుందా? మీ అన్నయ్యగారిని అడిగితే మొహం అటు తిప్పుకున్నారు. దాని పుస్తకాలన్నీ తిరగేశాను, ప్రతి పేజీ వెనకా చూశాను. కెమిస్ట్రీ నోట్సులో ఒక పువ్వు బొమ్మ ఉంది, అంతే.

నా బిడ్డ కావాలని పోయిందా స్టెల్లా? అదే అయితే అదే రాయి. ఏదైనా సరే. తెలియకపోవడం కంటే నయం.

విజయకుమారి.


గుడివాకలంక,
17 మార్చి 2025.

వదినగారికి,

అయ్యో వదినగారూ, ఆ మాట మనసులోంచి తీసేయండి. హెప్సీ అలాంటిదేమీ అనలేదు. ఒట్టు కాదు, నా పిల్లల మీద ప్రమాణం. దానికి బతకాలని ఎంత ఆశ! ఎంసెట్ అయ్యాక మా ఊరొచ్చి నెలరోజులుంటానంది, పడవ నడపడం నేర్పమంది.

మీరు ఆ మాట రాయకపోతే నేను ఎప్పటికీ చెప్పేదాన్ని కాదేమో. మీ తమ్ముడు చెప్పొద్దన్నారు. "పిల్ల ఎలాగూ రాదు, అక్క ఈ మాట తట్టుకోలేదు" అన్నారు. కానీ దానిమీద ఈ నింద కూడా పడుతుంటే నేను నోరు మూసుకుని ఎలా కూర్చోను?

మందుని నేను పాడు చేశాను వదినగారూ. హెప్సీ రోజూ సూది వేసుకుంది. ఆ మందులో శక్తి లేదు.

ఫిబ్రవరి ఆఖరి బుధవారం మా పిల్లలకి టీకాలు వేయించడానికి వెళ్లాను. నర్సమ్మ రత్నమాణిక్యం గారు టీకాల డబ్బాలోకి ఐసు పేకెట్లు పెట్టబోతూ, వాటిని బయట పెట్టి చెమట పట్టేదాకా ఆగారు. "గట్టిగా ఉన్నప్పుడే పెట్టేయొచ్చుగా, ఇంకా చల్లగా ఉంటాయి" అన్నాను. మాకు తెలిసింది అదే కదండీ. ఎంత చల్లగా ఉంటే సరుకు అంత తాజా. ఆవిడ నవ్వి, "ఇవి చేపలు కాదమ్మా. గడ్డకట్టాయంటే మందు చచ్చిపోతుంది, కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉంటుంది గానీ పనిచెయ్యదు" అన్నారు. "షుగరు సూదిమందు కూడానా?" అని అడిగాను. "అదీ అంతే" అన్నారు. బిడ్డని ఎత్తుకుని ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు.

ఫ్రిజ్ కడిగిన రోజు సంగతి నేను మీకు పూర్తిగా రాయలేదు. రాయాలని తోచలేదు, అందులో తప్పుందని తెలియదు. దూరం వెళ్లే పెట్టెలకి మావాళ్లు ఐసు మీద ఉప్పు చల్లుతారు, చలి ఇంకా పెరిగి చేప బిగుసుకుంటుందని. మీ ఇంటికి తెచ్చిన పెట్టెలోనూ చల్లాను. పిల్ల మందు కదా అని ఇంకో గుప్పెడు ఎక్కువ చల్లాను. సాయంత్రం డబ్బా తీస్తే రెండు సీసాలూ రాళ్లలా ఉన్నాయి. "భలే చల్లగా ఉంది మందు" అని సంతోషపడ్డాను. హెప్సీ చూసి, "గడ్డకట్టొచ్చా అత్తా?" అని అడిగింది. "చేప గడ్డకట్టి హౌరా దాకా వెళ్తుంది, మందుకేమవుతుంది?" అన్నాను. సీసాలు నా రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని వెచ్చ చేసి కరిగించాను. అది నన్ను నమ్మింది. పెద్దదాన్ని కదా.

వేడి తగిలితే పగులుతుందని అద్దాలని అరగంట నీడలో పెట్టినదాన్ని. అద్దం గురించి అంత తెలిసినదాన్ని మందు గురించి ఒక్క ఫోను చేసి అడగలేకపోయాను. మీరు స్కూల్లో ఉన్నారు, ఇంత చిన్న సంగతికి ఎందుకనుకున్నాను.

మీ కాళ్లు పట్టుకుని చెప్పాల్సింది, కాగితం మీద చెబుతున్నాను. ఎదురుగా వస్తే నా నోట మాట రాదు. మీరు నన్ను ఏమన్నా పడతాను. పోలీసులకి చెప్పినా సరే. హెప్సీని మాత్రం ఏమీ అనకండి. అది మీతో అబద్ధం చెప్పలేదు.

స్టెల్లా.


తాడేపల్లిగూడెం,
22 ఏప్రిల్ 2025.

స్టెల్లాకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఈలోగా నువ్వు మూడు కార్డులు రాశావు. చదవకుండా సొరుగులో పడేశాను.

నీ ఉత్తరం చదివిన రోజు నిన్ను తిట్టాను. కాగితం మీద పెట్టలేని మాటలు తిట్టాను. ఆ చేతులు పడిపోవాలనుకున్నాను. ఇది రాయకుండా దాటేస్తే నేను నీకు మర్యాద ఉత్తరం రాసినట్టవుతుంది, అది నాకిష్టం లేదు. తరవాత సీసాలు పట్టుకుని మా వీధి చివర మందుల షాపు కనకరాజు గారి దగ్గరికి వెళ్లాను. నువ్వు చెప్పిందే ఆయనా చెప్పారు. "గడ్డకట్టిందని అనుమానం వస్తే పారేసి కొత్తది వాడాలండీ. అయినా మీటరు దిగకపోతే ముందు సీసా మార్చి చూడాలి టీచరుగారూ" అన్నారు. మామూలుగానే అన్నారు. ఆయనకి ఏం తెలుసు?

ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవిలో మోగింది. ముందు సీసా మార్చి చూడాలి. నువ్వూ ఆలోచించి ఉండవు, నేనూ అప్పటిదాకా ఆలోచించలేదు.

సోమవారం పొద్దున్న మీటరు నాలుగొందలు చూపించింది. పిల్ల, వేసుకున్నానమ్మా అంది. నేను దాని మాట నమ్మి ఉంటే, మరి వేసుకుంటే ఎందుకు దిగలేదు, మందులోనే ఏదో ఉంది అనుకునేదాన్ని. లెక్కల టీచర్ని కాకపోయినా ఆ మాత్రం బుర్ర నాకుంది. షాపు రెండు వందల అడుగుల దూరం. చెప్పులు వేసుకుని వెళ్లి కొత్త సీసా తెచ్చేదాన్ని. నా పిల్ల ఎంసెట్ రాసి ఈ వేసవిలో మీ ఊళ్లో పడవ ఎక్కేది.

నువ్వు చేసింది తెలియక చేశావు. నేను నా ఎదురుగా నిలబడి నిజం చెప్పిన పిల్లని నమ్మలేదు. నిన్ను తిడుతున్నంతసేపూ ఈ సంగతి నా ఒళ్లో కూర్చుని ఉంది. అందుకే ఎక్కువసేపు తిట్టలేకపోయాను.

నిన్ను క్షమించానని రాయలేను. క్షమించలేదని కూడా రాయలేను. ఒకరోజు ఒకలా, ఒకరోజు ఇంకోలా ఉంటోంది. కొన్నాళ్లు ఇటు రాకు. ఏలీయాని పంపించు, వాడిని చూడాలని ఉంది. వాడిని నువ్వేమీ అనకు, నాకు చెప్పొద్దన్నది నా మీద ప్రేమతోనే.

మొన్న ఈస్టరు ఆరాధనలో అందరిముందూ సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచాను. మీ అన్నయ్యగారు కొంగు పట్టుకుని లాగారు, అయినా లేచాను. "నా కూతురు మందు మానేసి చనిపోయిందని మీరంతా అనుకుంటున్నారు. ఆ మాట మొదట అన్నది నేనే. అది ఒక్క పూట కూడా మానలేదు. నాతో నిజమే చెప్పింది, నేను నమ్మలేదు" అన్నాను. బయటికి వచ్చాక ఇద్దరు ముగ్గురు, "ఎలా తెలిసింది టీచరుగారూ?" అని అడిగారు. మందు చెడిందని చెప్పాను. ఎలా చెడిందో చెప్పలేదు, ఎప్పటికీ చెప్పను. నీ పిల్లలు ఈ చర్చికి రావాలి, ఇక్కడ తలెత్తుకుని తిరగాలి.

ఆరాధన కాగానే అందరితోపాటు సమాధుల తోటకి వెళ్లాను. రాయి పడింది. వాక్యం వద్దన్నాను, పేరూ తేదీలూ చాలన్నాను. అందరూ కొవ్వొత్తులు పెట్టుకుని, పాటలు పాడుకుని వెళ్లిపోయారు. మీ అన్నయ్యగారు గేటు దగ్గర నిలబడ్డారు. నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. "హెప్సీ, నువ్వు నిజమే చెప్పావమ్మా" అన్నాను. రెండోసారి అన్నాను. పక్క ఊరి పిల్లలకి కూడా వినపడేలా పాఠం చెప్పే గొంతు నాది, అక్కడ నాకే వినపడలేదు.

చర్చిలో చెప్పాను, డాక్టరు గారికి ఉత్తరం రాశాను, కూటంలో గుసగుసలాడినవాళ్లకి ఇంటింటికీ వెళ్లి చెబుతున్నాను. అందరూ నమ్మారు. కానీ నేను దాని చెయ్యి లాగేసింది వాళ్ల ముందు కాదు. అది సోమవారం నుంచి గురువారం దాకా, అమ్మ నన్ను నమ్మలేదనుకుంటూనే పడుకుంది. ఆ మాట వెనక్కి తీసుకున్నానని దానికి ఎలా చెప్పాలో నీకేమైనా తెలిస్తే రాయి స్టెల్లా. నా కూతురు నా దగ్గరకంటే నీ దగ్గరే ఎక్కువ మాట్లాడేది.

విజయకుమారి.